చదువురాని పిల్లలు కావలెను

మా వీధిలో చదువురాని పిల్లలకు తీవ్రమైన కొరత ఏర్పడిందని తెలియజేయడానికి చింతిస్తున్నాను. ఇది ప్రకృతి వైపరీత్యం కాదు. మా వదిన చేసిన పని.

వదిన అంటే మా ఆవిడకు సొంత అక్క. బళ్లో పంతులమ్మగా చేసి మానుకున్నాక చేతులు ముడుచుకుని కూర్చోలేక, నా ప్లాస్టిక్ సామాన్ల దుకాణం వెనకున్న గోడౌనులో సాయంకాలాలు వీధి పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. బకెట్లకూ మగ్గులకూ ఒక మూల, పిల్లలకు ఒక మూల. మొదట్లో నేను పట్టించుకోలేదు. బకెట్లు బోర్లించి కూర్చుంటారు, లేచేటప్పుడు తుడిచి పెడతారు, సరుక్కి దుమ్ము పట్టదు. నాకు కలిసొచ్చే లెక్కే. కానీ ఆవిడ అంతటితో ఆగలేదు. ఒక్కొక్కణ్ణే పట్టుకుని చదివించుకుంటూ పోయింది. చివరికి ఒక్కడు తప్ప మా వీధిలో ఏ పిల్ల చేతికి ఏ కాగితం ఇచ్చినా చదివేసే పరిస్థితి దాపురించింది. దర్జీ కూతురైతే మరీను. పొట్లం కట్టిన కాగితం, మందుసీసా మీద చీటీ, నా దుకాణం బోర్డులో నేనే మర్చిపోయిన చిన్న అక్షరాలు, ఏది కంటబడితే అది గడగడా చదివేసేది. అందుకని వీధి వీధంతా దాన్ని గడగడ అనే పిలిచేవాళ్లు.

ఇదంతా నష్టమని అప్పట్లో ఎవరికీ తోచలేదు. గిరాకీ రాకముందే సరుకు తగలేసుకోవడం ఏ వ్యాపారంలోనూ లేదు.

నష్టం సంగతి బయటపడింది కొరియర్ కంపెనీవాడు వచ్చాక. పార్సెళ్లు పెట్టుకోవడానికి గోడౌను అద్దెకిమ్మన్నాడు. చెప్పిన అద్దె వినగానే నా చెవులు చల్లబడ్డాయి. బకెట్లను మేడ మీదికి మార్చవచ్చు. పిల్లల్ని ఎక్కడికి మార్చాలన్నది మాత్రం నా లెక్కలో లేదు.

"మా అక్కను బయటికి పంపేముందు నన్ను పంపండి," అంది మా ఆవిడ.

"నిన్ను పంపితే అద్దె రాదు కదే," అన్నాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి. కంచం మాత్రం మాట్లాడేది. బల్ల మీద అది పడే చప్పుడును బట్టి ఆ పూట ఆవిడ అభిప్రాయం నాకు తెలిసిపోయేది. చప్పుడు రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది. కంచానికి సొట్టలు కూడా పడ్డాయి. అది స్టీలుది, మా దుకాణం సరుకు కాదు, కాబట్టి నా సరుకుకేమీ మాట రాలేదు.

సరిగ్గా అప్పుడే పేపర్లో ఒక ప్రకటన కనబడింది. యువజన వికాసానికీ, విద్యాభివృద్ధికీ కృషి చేసే సంస్థలకు విరివిగా విరాళాలు ఇస్తామని ఒక ఫౌండేషన్ వారు వేయించారు. దాని వ్యవస్థాపకులైన దాతగారు నాలాగే వ్యాపారి. పన్ను కట్టడం కన్నా పుణ్యం కట్టుకోవడం చవకని కాస్త ఆలస్యంగా తెలుసుకున్న మహనీయుడు. నేను వెంటనే ఆలోచించాను. కొరియర్ ఇచ్చే అద్దె ఫౌండేషనే ఇస్తే? వదిన బడి గోడౌనులోనే ఉంటుంది, అద్దె నా గల్లాపెట్టెలో ఉంటుంది, కంచం నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక్క దెబ్బకు మూడు పిట్టలు. కొరియర్ వాణ్ణి కాస్త ఆగమని చెప్పి, వదిన బడికి నన్ను నేను గౌరవ కోశాధికారిగా నియమించుకుని దరఖాస్తు పంపాను.

పరిశీలనకు ఒక అధికారి వచ్చాడు. మెడలో తాడుకు వేలాడే కార్డు, చేతిలో పలక లాంటి కంప్యూటరు, ముఖం మీద మానవజాతి పట్ల శాశ్వతమైన జాలి. ఏ మాట మొదలుపెట్టినా "దీనికి సూచిక ఏమిటండీ?" అని, అంటే దీన్ని దేంతో కొలుస్తారని, అడిగేవాడు. నేను మంచినీళ్లిస్తే దాహానికి సూచిక అడుగుతాడేమోనని భయమేసింది. మా ఆవిడ తొలిరోజే అతనికి సూచికగారని పేరు పెట్టేసింది. నాతో మాట్లాడకుండా, గోడకు చెప్పి పెట్టింది.

సూచికగారు బోర్లించిన బకెట్ మీద కూర్చుని పిల్లల చేత చదివించాడు. ఒకడు చదివాడు. ఇంకొకతె చదివింది. గడగడ అయితే తన చేతిలో ఉన్న పేజీ పూర్తి చేసి, ఆయన మెడలో కార్డు మీదున్నది కూడా చదివేసింది. ఆయన ముఖం వాడిపోయింది.

"అద్భుతంగా చదువుతున్నారండీ," అన్నాడు దిగులుగా. "కానీ ఇందులో మాకు చోటేదీ?"

"చోటుకే కదండీ అడుగుతున్నాం," అన్నాను.

"అది కాదండీ. సమస్య ఉంటే మేం పరిష్కారానికి సాయం చేస్తాం. మీరు మాకన్నా ముందే పరిష్కరించేసుకున్నారు. అది పద్ధతి కాదు కదా. మొదటి కొలత తీస్తే పిల్లలకు చదువు రాకూడదు. తర్వాత మేం జోక్యం చేసుకోవాలి. చివరి కొలతలో రావాలి. రెండింటికీ మధ్యనున్న తేడా ఉందే, అదీ మా పని."

వదిన అంతదాకా ఊరుకుంది. "నాలుగు వీధులవతల చదువురాని పిల్లలు బోలెడుమంది ఉన్నారు బాబూ. అక్కడికి వెళ్లి సాయం చేయరాదా?"

"వాళ్లు దరఖాస్తు పెట్టుకోలేదమ్మా."

"చదువు రానివాళ్లు దరఖాస్తు ఎలా పెడతారు నాయనా?"

"అదే మా రంగం ఎదుర్కొంటున్న అతిపెద్ద సవాలు," అని సూచికగారు కళ్లజోడు తుడుచుకున్నాడు. లేస్తూ లేస్తూ, నెల తిరిగేసరికి మొదటి కొలతకు వస్తానని, ఈలోగా పరిస్థితి ఆశాజనకంగా క్షీణించవచ్చని ధైర్యం చెప్పి వెళ్లాడు.

నేను వ్యాపారిని. కొనేవాడు ఎరుపు అడిగితే నీలం బకెట్ గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వను. ఎరుపే తెప్పిస్తాను. ఆ సాయంకాలమే వదినను కూర్చోబెట్టి చెప్పాను.

"పిల్లలకు అబద్ధం నేర్పమంటావా మరిదీ?"

"అబద్ధం కాదొదినా, నటన. నటన కూడా యువజన వికాసం కిందికే వస్తుంది. ప్రకటనలో ఉంది."

"నేర్పినదాన్ని మళ్లీ నేనే తుడవాలా?"

"తుడవక్కర్లేదు. కప్పి పెడితే చాలు. గోడౌను కావాలా వద్దా?"

వదిన పిల్లలు కూర్చునే బకెట్లను ఒక్కొక్కటే తిప్పి పెట్టింది. "ఒక్కరోజే కదా?" అంది. ఒక్కరోజేనని కోశాధికారి హోదాలో హామీ ఇచ్చాను.

చదవడంలో తప్పడం తేలికనుకునేవాళ్లు ఎప్పుడూ ప్రయత్నించి ఉండరు. చదవడం వచ్చినవాడి కన్ను అక్షరం మీద పడ్డాక నోరు దానంతటదే కదులుతుంది. పిల్లలకు తెలివైన తప్పులే వచ్చాయి. సహజమైన తప్పులు రాలేదు. అప్పుడు మాకు మెకానిక్కు కొడుకు గుర్తొచ్చాడు. వీధిలో మిగిలిన ఒకే ఒక్క అసలు సరుకు వాడు. వదిన ఎంత చెప్పినా ఎక్కకపోవడంతో మొద్దు అని పేరు పడ్డవాడు. వాణ్ణి ఒక ఎత్తు బకెట్ మీద కూర్చోబెట్టి అతిథి అధ్యాపకుడిగా నియమించాం.

మొద్దు పనిమంతుడని తేలింది. "పైకి చూడొద్దురా, దొరికిపోతారు," అని చెప్పేవాడు. "కాగితం వైపే చూడాలి. కానీ దాని వెనకాల ఏదో ఉన్నట్టు చూడాలి. మొదటి అక్షరం దగ్గర నోరు తెరవాలి. తెరిచి వదిలేయాలి. వాళ్లే జాలిపడి ఆపేస్తారు." పిల్లలు రాసుకున్నారు. రాసుకోవడం చూసి వాడు కోప్పడ్డాడు.

తల్లిదండ్రుల సహకారం కూడా మెచ్చుకోదగ్గది. ఇస్త్రీ బండివాడు వచ్చి, తన కొడుకు ఇంట్లో బోర్డులూ గోడలూ చదవడం పూర్తిగా మానేశాడని, చదువు మీద ఇంత శ్రద్ధ ముందెప్పుడూ చూడలేదని సంతోషించాడు. ఇంకొకావిడ తన కూతురు పక్కింటి పిల్లకన్నా తక్కువగా తప్పుతోందని, విడిగా ఇంకో గంట చెప్పమని బతిమాలింది. ఒక్క గడగడ దగ్గరే గడ్డుగా ఉండేది. పెదవులు బిగించేది, బుగ్గలు ఉబ్బించేది, కాస్సేపటికి చదివేసేది. చదివేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"నీళ్లు కారుతున్న కొళాయిని వేలితో ఆపినట్టుంది టీచరమ్మా," అంది ఒకసారి.

మొదటి కొలత రోజున గోడౌనుకు బ్యానర్ కట్టాం. బకెట్ల బదులు కుర్చీలు వేశాం. ఫోటో తీసేవాడితో సహా సూచికగారు విచ్చేశాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, నోరు తెరిచి, వదిలేసి, తలదించుకుని వెళ్లారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇంత తక్కువ వ్యవధిలో ఇంత లోతైన అవసరాన్ని ఎలా తీసుకొచ్చారండీ!" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అంతలో మొద్దు వంతు వచ్చింది. నెల పొడుగునా తన శిష్యులు ఏ అక్షరం దగ్గర తప్పాలో చూపించడానికి వాడు ఆ పేజీని అంత దగ్గరగా చూశాడు కాబోలు, నిలబడి, కాగితం పట్టుకుని, పై నుంచి కింది దాకా చదివేశాడు. చదివాక అందరికన్నా వాడే ఎక్కువ భయపడ్డాడు. వదిన కుర్చీలోంచి సగం లేచింది. ఆవిడ కళ్లు ఎందుకు అలా మెరిశాయో నేను పట్టించుకోలేదు. నాకు గోడౌనే కళ్లముందు కదిలింది.

సూచికగారు అనుభవశాలి. "ఈ అబ్బాయి ఇవాళ రాలేదు," అని గైర్హాజరు వేసి, వాడి భుజం తట్టి పంపించేశాడు.

చివరగా గడగడ. కాగితం చేతికిచ్చారు. అది చూసింది. పెదవులు బిగించింది. మెడ నరాలు పొంగాయి. ఒక్క అక్షరం బయటికి రానివ్వలేదు. ఆ బిగింపుకు కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. ఫోటో తీసేవాడు మోకాళ్ల మీద కూలబడి తీశాడు. సూచికగారు పలక కంప్యూటరు పక్కన పెట్టేసి, "ఈ కన్నీటికి సూచిక అక్కర్లేదు," అన్నాడు. ఆయన నోట ఆ మాట అంతకుముందూ ఆ తర్వాతా ఎవరూ వినలేదు.

విరాళం మంజూరయింది. ప్రారంభోత్సవానికి దాతగారే స్వయంగా వచ్చారు. శాలువా సర్దుకుని ఇలా సెలవిచ్చారు: "సోదర సోదరీమణులారా! చీకటి ఉన్నచోటే దీపం పెట్టాలి. దీపం ఉన్నచోట ఇంకో దీపం పెడితే ఫోటోలో పడదు. మీ వీధిలో ఇంత చిక్కటి చీకటిని కాపాడుకుంటూ వచ్చిన మీ అందరికీ నా అభినందనలు!" చప్పట్లు మోగాయి. చీకటి తరఫున నేను దండ స్వీకరించాను.

ఇక డబ్బు వినియోగం. ఇందులో దాపరికం ఏమీ లేదు, అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి. చదవడం ఎలా నేర్పాలో వదినకు నేర్పడానికి ఒక శిక్షకుణ్ణి పెట్టారు. ఆయన పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, చెప్పేవాళ్లకు చెప్పేవాళ్లకు చెప్పాడట. శిక్షణ సాయంకాలాలే కాబట్టి ఆ సాయంకాలాలు బడి లేదు. కార్యక్రమాన్ని పర్యవేక్షించడానికి ఒక కార్యాలయం కావాలన్నారు. వీధిలో ఖాళీగా ఉన్న చోటు మా గోడౌను ఒక్కటే. కొరియర్ వాడికన్నా ఎక్కువ అద్దె ఇచ్చారు. బకెట్లు మేడెక్కాయి. బల్లలు, కుర్చీలు, చల్లగాలి యంత్రం, గోడకు గడగడ ఫోటో, తలుపు మీద ఒక నోటీసు వచ్చాయి: పిల్లల భద్రత దృష్ట్యా లోపలికి పిల్లలకు ప్రవేశం లేదు.

"గోడౌను కోసమే కదా ఇదంతా చేశాం?" అంది వదిన ఆ నోటీసు ముందు నిలబడి.

"గోడౌను ఎక్కడికీ పోలేదొదినా. చదువు కార్యక్రమానికే ఉంది. కొరియర్ వాడి పాలు కాలేదు. మనం గెలిచినట్టే."

ఆ పూట కంచానికి ఇంకో సొట్ట పడింది.

గడగడ ఫోటో మాత్రం బాగా కలిసొచ్చింది. బస్టాండులో, ఆస్పత్రి గోడ మీద, పెద్ద రోడ్డు మలుపులో నిలువెత్తు బోర్డులు వెలిశాయి. కన్నీళ్లు కారుస్తున్న పిల్ల, కింద పెద్ద అక్షరాలతో "నాకు చదవడం రాదు". దర్జీ తన కూతురి బొమ్మ బస్టాండులో ఉందని మురిసిపోయి, బంధువులందర్నీ తీసుకెళ్లి చూపించాడు. బొమ్మ కింద ఏముందో పైకి చదివి వినిపించింది ఆ పిల్లే.

గడగడ వెళ్లే పగటి బళ్లో పంతులు కూడా బోర్డు చూశాడు. మర్నాడే ఆ పిల్లను ముందు బెంచీలోంచి చివరి బెంచీకి పంపాడు. అది లేచి పాఠం మొత్తం చదివి వినిపించిందట. "ఎవరో బట్టీ పట్టించారు," అన్నాడట ఆయన. "అంత పెద్ద సంస్థ బోర్డు మీద అబద్ధం రాస్తుందా?" నేనైనా ఆ మాటే అనేవాణ్ణి. పిల్ల నోటిమాటకూ ఇనప చట్రం బిగించిన బోర్డుకూ పోటీ పెడితే ఏ బుద్ధిమంతుడైనా దేన్ని నమ్ముతాడు?

చివరి కొలత దగ్గరపడింది. ఇప్పుడు చదివేయవచ్చని పిల్లలు సంబరపడ్డారు. సూచికగారు వారించాడు. "అందరూ చదివేస్తే ఎలాగండీ? సమస్య తీరిపోయిందని విరాళం ఆపేస్తారు. ఎవరూ చదవకపోతే పని జరగలేదని ఆపేస్తారు. సగం తేలాలి, సగం మునగాలి. అప్పుడే రెండో విడత." ఎవరు తేలాలన్న దాని మీద తల్లుల మధ్య కొళాయి దగ్గర నాలుగు రోజులు మాటలు నడిచాయి. చివరికి చీట్లు వేశాం. గడగడ చీటీ మాత్రం వేయనివ్వలేదు.

"ఈ అమ్మాయి మా ముఖచిత్రం," అన్నాడు సూచికగారు. "ఈమె చదివేస్తే బోర్డులన్నీ మార్చాలి. ఆ పద్దు మాకు లేదు."

దర్జీ మెడలో టేపు తిప్పుకుంటూ అడిగాడు. "బోర్డు ఎప్పుడు దించుతారు సార్?"

"రెండో విడత అయ్యాక చూద్దామండీ."

"అందాకా?"

"అందాకా పాపను కొంచెం ఓపిక పట్టమనండి."

చివరి కొలత రోజున గడగడకు మెడ నరాలు పొంగలేదు, కన్నీళ్లు రాలేదు. కాగితం వైపు, దాని వెనక ఏదో ఉన్నట్టు చూసింది. నోరు తెరిచింది. వదిలేసింది. "నాకు రాదండి," అంది చల్లగా. మొద్దు కూడా అంత సహజంగా ఎన్నడూ చేయలేదు. సూచికగారు ఎంతో తృప్తిపడ్డాడు. వదిన లేచి బయటికి వెళ్లిపోయింది. వాకిట్లో ఆగి వెనక్కి తిరిగి, "నువ్వు లెక్కలు బాగా వేస్తావు మరిదీ. ఆ పిల్లను ఏ పద్దులో రాశావు?" అంది. రెండో విడత మంజూరయింది. మొదటిదానికి రెట్టింపు.

ఆ వారంలోనే ఒక సాయంకాలం నీళ్ల ట్యాంకు పొర్లుతున్న చప్పుడు వినబడి మేడ మీదికెక్కాను. పైన బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. వాటి మీద పిల్లలందరూ ఉన్నారు, తేలినవాళ్లూ మునిగినవాళ్లూ కలిసే. మధ్యలో గడగడ నిలబడి ఏదో చదువుతోంది. నున్నటి కాగితం, రంగుల అట్ట. ఫౌండేషన్ వారి వార్షిక నివేదిక. కట్టలు కట్టలుగా పంపితే నేనే మేడ మీద వేయించాను. కార్యక్రమం మొత్తంలో పిల్లల చేతికి వచ్చిన పుస్తకం అదొక్కటే.

"అక్షరాన్ని చూడగానే ఈ చిన్నారి కన్నీరు మున్నీరయింది," అని గడగడ చదివింది. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. "వీధి ప్రజల అచంచల నిరక్షరాస్యతను గౌరవ కోశాధికారి ఎంతో శ్రమకోర్చి..." ఇక్కడ మొద్దు బకెట్ మీంచి కిందపడ్డాడు. లేచి, "ఇప్పుడు నా వంతు!" అని పుస్తకం లాక్కుని, వేలు పెట్టుకుని, మెల్లగా, కూడబలుక్కుంటూ ఒక వాక్యం చదివాడు. అందులో నా పేరుంది. అందుకే నవ్వారో, వాడు చదివినందుకే నవ్వారో నాకు తెలియలేదు.

నన్ను మొదట చూసింది వదిన. నవ్వులు టక్కున ఆగిపోయాయి. గడగడ మొద్దు చేతిలోంచి పుస్తకం లాక్కుని వెనక్కి దాచుకుంది. నోరు తెరిచి వదిలేసి, కాగితం వెనక చూసినట్టు నన్ను చూసింది. అలవాటు ఎంత బాగా పట్టుబడిందో!

"ఏం మరిదీ, వెళ్లి చెబుతావా?" అంది వదిన.

నేను లెక్క వేసుకున్నాను. చెబితే, చదువురాని పిల్లలు లేరని దాతగారిదాకా తెలిసి రెండో విడత ఆగిపోతుంది. అద్దె ఆగిపోతుంది. కంచానికి మిగిలిన కాస్త రూపం కూడా పోతుంది. చెప్పకపోతే అన్నీ సాగుతాయి. చదువు కూడా సాగుతుంది. దాన్ని కొసరు కింద రాసుకోవచ్చు.

"ట్యాంకు పొర్లుతోందని వచ్చానొదినా," అన్నాను. "నాకింకేమీ వినబడలేదు."

కొళాయి కట్టేసి దిగిపోయాను. కింద కార్యాలయంలో సూచికగారు తలెత్తి, పైన ఆ చప్పుడేమిటని అడిగాడు. పిల్లలు ఆడుకుంటున్నారన్నాను. "ఆటకు సూచిక..." అని మొదలుపెట్టి, ఫోను మోగడంతో వదిలేశాడు. ఆ పూట నా ముందు కంచం చప్పుడు లేకుండా దిగింది. "కూర చాలా?" అంది మా ఆవిడ, గోడతో కాకుండా నాతోనే.

ఇక మీతో చిన్న మాట. ఇంతదాకా వచ్చారంటే మీకు చదవడం వచ్చునని తేలిపోయింది. దయచేసి ఈ సంగతి బయట ఎక్కడా అనకండి. మూడో విడతలో పక్క వీధులు కూడా కలుపుతారట, మీ వీధీ ఉండవచ్చు. ఎవరైనా వచ్చి చేతిలో కాగితం పెడితే దాని వెనక ఏదో ఉన్నట్టు చూడండి, నోరు తెరవండి, వదిలేయండి. శిక్షణ కావాలంటే మొద్దును పంపుదామనుకున్నాను గానీ, వాడికి చదువొచ్చేసి పనికిరాకుండా పోయాడు. అయినా మీకు శిక్షణ ఎందుకు? బస్టాండులో ఆ బోర్డు కింద నిలబడి, కన్నీళ్లు కారుస్తున్న ఆ పిల్లను చూసి, పక్కనే నిలబడి ఆ బోర్డును గడగడా చదువుతున్న అదే పిల్లనూ చూసి, ఏమీ చూడనట్టు బస్సెక్కి వెళ్లిపోయింది మీరే కదా.